పోవడానికి కాదు, తిరిగి రావడానికి పడవ చూడండి

కాస్త పొడవుగా రాస్తున్నాను, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. నేను బళ్ళో చదివింది తమిళంలో. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ నేర్పినవి. భాషలో ఎక్కడైనా తమిళ వాసన వస్తే సర్దుకోండి, లెక్కలు మాత్రం సరిచూసుకోండి.

మన గ్రూపులో రెండు వారాలుగా ఒకటే మాట నడుస్తోంది, క్యాబిన్ బోటు. 28 అడుగులది, వాడినది, పడమటి తీరంలో అమ్మకానికి ఉంది. ఫోటోలు అందరూ చూశారు. తెల్లటి పడవ, లోపల నలుగురు పడుకునే గది, చిన్న స్టవ్, సింకు, మరుగుదొడ్డి. శనివారం పొద్దున చెన్నైలో బయల్దేరి పులికాట్‌కో మహాబలిపురానికో పోయి, రాత్రి పడవలోనే పడుకుని, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాలని ఆలోచన. ధర 45 లక్షలట. 12 కుటుంబాలు తలా 3 లక్షలు, తక్కువైన 9 లక్షలు సంఘం డిపాజిట్ నుంచి. వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం, ఆ వెంటనే అడ్వాన్సు.

పడవ వద్దనడానికి నేను కూర్చోలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే "పెద్దాయనకు నీళ్ళంటే భయం" అని ఏ తమ్ముడో రాసేస్తాడు. నేను పెరిగింది రాయపురంలో. కాశిమేడు పడవల ఇంజిన్ల చప్పుడు వింటూ పెరిగిన చెవులు ఇవి. పైగా పడవ కావాలన్నవాళ్ళ మాటలో నిజం ఉంది. ఉగాదికి రమ్మంటే రాని పిల్లలు పడవంటే వస్తారు. వేరే వేరే ఊళ్ళలో ఉన్న అన్నదమ్ముల పిల్లలు రెండు రోజులు ఒకే పడవలో ఉంటే, ఫోను పక్కన పెట్టి నాలుగు మాటలు తెలుగులో మాట్లాడుకుంటారు. మన సంఘానికి అదేమీ చిన్న సంగతి కాదు.

నా అభ్యంతరమల్లా మనం పడవను చూసిన వరస మీద. ముందు గది చూశాం. తరవాత ధర చూశాం. సముద్రాన్ని ఇంకా చూడలేదు. రైల్వేలో గూడ్సు లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన మాటలో చెబుతాను. బండి ఎంత బాగున్నా ముందు అడగాల్సింది గేజి. మీటర్ గేజి బోగీని తెచ్చి బ్రాడ్ గేజి పట్టాల మీద పెట్టలేం. సముద్రానికీ గేజి ఉంటుంది. మన తీరం గేజి ఏమిటో చూద్దాం.

చెన్నైలో మెరీనా అన్న పేరు ఉంది గాని పడవ కట్టుకునే మెరీనా లేదు. 1884లో గ్రాంట్ డఫ్ దొర ఇసుక తీరానికి ఆ పేరు పెట్టాడు, అంతే. ఈ ఊరికి సహజమైన రేవు ఎన్నడూ లేదు. ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడితే, మనుషుల్నీ సరుకునీ మసూలా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవాళ్ళు. ఆ పడవ పలకలకు మేకులుండవు, తాళ్ళతో కుట్టేవాళ్ళు. ఒడ్డుకు కొట్టుకున్నప్పుడు పలక విరగకుండా వంగాలని ఆ ఏర్పాటు. కట్టుమరం కూడా అంతే. దుంగల్ని తాడుతో కట్టడమే, మీద పడ్డ నీళ్ళు సందుల్లోంచి పోతాయి, అందులో నీళ్ళు నిండి మునగడమన్నది లేదు. అంటే ఈ తీరం మనుషులు వాళ్ళ అలలను చూసి వాళ్ళ పడవ చేసుకున్నారు. తెల్లవాళ్ళు 1870లలో రాతి గోడలు కట్టి రేవు చేయబోతే 1881 తుఫాను దాన్ని పాడుచేసింది. మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. మన పెద్దలు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి మద్రాసుకు పడవల మీద సరుకు తెచ్చిన మాట నిజమే. కాని సముద్రం పక్కనే ఉన్నా ఆ పడవలు ఎక్కువగా నడిచింది బకింగ్‌హాం కాలవలో. పెద్దగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల కాలవ అది, ఒడ్డు వెంబడే పోతుంది. ఒడ్డు దగ్గరి అలలను తప్పించుకుని లోపలి నీళ్ళలో నడవడానికి అంత కాలవ పనికొచ్చింది. ఇప్పుడు చెన్నైలో ఆ కాలవలో మా రైల్వే వాళ్ళు ఎంఆర్‌టీఎస్ స్తంభాలు దింపారు, అది వేరే కథ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏటి నీళ్ళు సముద్రంలో కలిసే చోటును తమిళంలో ముగత్తువారం అంటారు, ఆంధ్ర జాలర్లు మొగ అంటారు. పులికాట్ కానివ్వండి, ముట్టుకాడు కానివ్వండి, మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది. ఈ సంవత్సరం ఉన్న దారి వచ్చే సంవత్సరం ఉండదు. కొన్నిసార్లు మొగ పూర్తిగా మూసుకుపోతుంది. ఆ ఇసుక మీద నీటి లోతు తక్కువ. అల ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్ల లోతుకు నీళ్ళు తగ్గాయంటే ఆ అల విరిగి పడుతుంది. అంటే బయట మెల్లగా ఊగుతున్న మీటరు అల, మేట మీదికి వచ్చేసరికి గోడలా లేచి కూలుతుంది. లోపలినుంచి పాటు నీళ్ళు బయటికి పోతున్న వేళైతే ఆ గోడ ఇంకా నిటారుగా లేస్తుంది.

పోయేటప్పుడు అల ఎదురుగా కనిపిస్తుంది. నడిపేవాడు చూసి, ఆగి, సందు దొరికినప్పుడు దూరిపోతాడు. తిరిగి వచ్చేటప్పుడు అదే అల వెనకనుంచి వస్తుంది. వెనక భాగాన్ని ఎత్తి ముందు భాగాన్ని నీళ్ళలోకి దించుతుంది. అప్పుడు చుక్కాని పట్టు తప్పుతుంది, పడవ అడ్డం తిరుగుతుంది, రెండో అల పక్కనుంచి కొడుతుంది. పైన ఎత్తుగా గది ఉన్న పడవకు ఇది మరీ ప్రమాదం. గాలి ఆ గదిని తెరచాపలా తోస్తుంది.

పైగా మన వారాంతం వేళ సముద్రానికి సరిపడదు. చెన్నై తీరంలో పొద్దున్నే గాలి తక్కువ. ఎండెక్కిన కొద్దీ సముద్రపు గాలి లేస్తుంది, మధ్యాహ్నం దాటాక అలలు పెరుగుతాయి. మనం తిరిగి వచ్చేది ఎప్పుడు? ఆదివారం సాయంత్రం. సోమవారం ఒకరికి ఆఫీసు, ఒకరి పిల్లకు పరీక్ష, ఇంకొకరికి బెంగళూరు బండి. వెనక్కి రాకుండా ఆగిపోవడానికి ఎవరికీ మనసు ఒప్పదు. రైలుకు టైంటేబుల్ ఉంటుంది, తప్పితే ఆలస్యమని బోర్డు మీద రాస్తాం, ఎవరూ చావరు. సముద్రం మీద టైంటేబుల్ పెట్టుకుంటేనే మనుషులు పోతారు. వారాంతపు పడవకు తుఫానుకన్నా సోమవారం పొద్దున పెద్ద శత్రువు.

అందుకే నా మాట ఒక్కటే. ఏ పడవ మనల్ని ఎంత దూరం తీసుకుపోతుంది అని కాకుండా, ఏ పడవను సగం దారిలో వదిలేసి బస్సెక్కి ఇంటికి రాగలం అని అడగండి. దాని ప్రకారం ఎంచుకోండి.

2011 క్రిస్మస్ రోజు మనందరికీ గుర్తుండే ఉంటుంది. పులికాట్‌లో విహారానికి వెళ్ళినవాళ్ళ పడవ తిరగబడి 22 మంది పోయారు, చాలామంది ఒకే బంధువర్గం. 2023 మే 7న కేరళలో తానూరు దగ్గర ఇంకో 22 మంది. అక్కడ చేపల పడవను మార్చి పై అంతస్తు వేసి పర్యాటకులను ఎక్కించారు. ఈ రెండూ మన పడవలాంటివి కావని ఎవరైనా అంటారు. నిజమే. కాని రెండు పాఠాలు మనకూ వర్తిస్తాయి. పడవ మోయగలిగినంతమందినే ఎక్కించాలి. అమ్మేవాడు పడవ మీద తరవాత ఏమైనా కట్టి ఉంటే, మొదటి కాగితాల్లోని బలం ఇప్పుడు లెక్కలోకి రాదు.

ఆ కాగితాల గురించి కూడా చెప్పాలి. యూరప్ ప్రమాణం ప్రకారం చేసిన పడవల మీద చిన్న రేకు ఉంటుంది. ఏ, బీ, సీ, డీ అని తరగతి, ఎంతమంది ఎక్కవచ్చో అంకె. డీ అంటే చెరువులు, ఏళ్ళు, 0.3 మీటర్ల అల. సీ అంటే ఒడ్డు దగ్గర, 2 మీటర్ల అలల దాకా, బోఫోర్ట్ కొలతలో 6 గాలి దాకా. బీ అంటే 4 మీటర్ల అలలు, 8 గాలి. గ్రూపులో పెట్టిన ఫోటోలు 30కి పైన లెక్కపెట్టాను. పరుపు ఫోటో ఉంది, ఫ్రిజ్ ఫోటో ఉంది, ఆ రేకు ఫోటో లేదు. ముందు అది అడగండి. బీ అయినా సరే, ఆ అంకె బయటి సముద్రానికి గాని మొగ మీద విరిగే అలకు కాదని గుర్తు పెట్టుకోండి.

లోతు సంగతి. ఇలాంటి 28 అడుగుల పడవకు, కింద కాలు దించి ఉంచే ఇంజిన్ రకం అయితే, నీళ్ళలో మునిగే భాగం 3 అడుగుల దాకా ఉంటుంది. పులికాట్ సరస్సు సగటు లోతు సుమారు ఒక్క మీటరు. అంటే మనం చూడాలనుకునే పక్షుల దగ్గరికి ఈ పడవ పోదు, బురదలో కూర్చుంటుంది. పక్కనే శ్రీహరికోట, నిషిద్ధ ప్రాంతం, రాకెట్ ఎగిరే రోజుల్లో సముద్రంలోనూ కట్టడి. మహాబలిపురం దక్షిణాన 50 కిలోమీటర్ల పైమాట. గుడి సముద్రం మీదినుంచి అందంగా కనిపిస్తుంది, కాదనను. కాని అక్కడ రేవు లేదు. బయట లంగరు వేసుకుని రాత్రంతా ఊగాలి. గదిలో నలుగురు పడుకునే పరుపు ఉందని మురిసిపోతున్నారు. ఊగే పడవలో మా ఇంటావిడ కాదు కదా, మనలో సగంమంది కన్ను మూయలేరు.

ఇక గది. గది వద్దని నేననను. ఒక విషయంలో అక్కచెల్లెళ్ళు గ్రూపులో రాసినది నూటికి నూరు పాళ్ళు న్యాయం. మరుగుదొడ్డి లేని పడవలో ఆడవాళ్ళు ఆరు గంటలు ఎలా ఉంటారు? మగవాళ్ళకు పట్టని సంగతి అది. కాబట్టి తలుపు వేసుకునే మరుగుదొడ్డి, పెద్దవాళ్ళు నడుము వాల్చే బెంచీ, నెత్తిన గట్టి నీడ, ఈ మూడూ ఉండాల్సిందే. ఏసీ మాత్రం వద్దు. ఏసీకి జనరేటర్ కావాలి, జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పడవ నడుస్తున్నప్పుడు వెనకనుంచి పొగ తిరిగి లోపలికి చేరే గుణం ఉంది. అద్దాలు మూసుకుని పడుకున్నవాళ్ళు మళ్ళీ లేవరు. గది ఉన్న ఏ పడవలోనైనా ఆ వాయువును కనిపెట్టి మోగే అలారం ఉండి తీరాలి. చాటింపులో చెప్పినట్టు చెబుతున్నాను, మరిచిపోకండి.

ఇప్పుడు లెక్కలు. గుమాస్తా బుద్ధి కదా, ఇక్కడే నాకు ఎక్కువ సుఖం.

సంవత్సరానికి 52 వారాంతాలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనం, తుఫానులు. జాలర్లు వాడై అనే ఉత్తరపు గాలి, కొండల్ అనే తూర్పు గాలి ఆ నెలల్లో మన దారికి అడ్డం. 13 తీసేయండి. మే నెలలో ఎండ, అప్పుడప్పుడు తుఫాను. ఇంకో 4 తీసేయండి. మిగతా వాటిలో అల ఎక్కువని హెచ్చరిక ఉన్న రోజులు, పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఇంజిన్ మరమ్మతు. నా అంచనాలో నికరంగా చేతికి వచ్చేవి 12. ఎక్కువంటే 15.

12 వారాంతాలు, 12 కుటుంబాలు. రాత్రి పడుకోవడానికి చోటు నలుగురికి, అంటే ఒక కుటుంబానికి. కాబట్టి 3 లక్షలు కట్టిన ప్రతి కుటుంబానికీ ఏడాదికి ఒక్క రాత్రి. ఈ ఒక్క వాక్యం సమావేశంలో పైకి చదవమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.

పడవ ఖర్చు కొన్నంతటితో తీరదు. కట్టి ఉంచడానికి అద్దె, అడుగున రంగు, ఉప్పుకు తినిపోయే జింకు ముక్కలు, ఇంజిన్ సర్వీసు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ధరలో పదో వంతు ఏటా పోతుందని పడవలవాళ్ళు మోటుగా లెక్క వేస్తారు. 45 లక్షలకు నాలుగున్నర లక్షలు. 12 ప్రయాణాలకు పంచితే ఒక్కో దానికి 37,500. ఇంధనం వేరే. చెన్నై రేవు నుంచి పులికాట్ సుమారు 40 కిలోమీటర్లు. ఈ పరిమాణం పెట్రోలు పడవ వేగంగా పోతే గంటకు 50 లీటర్ల పైనే తాగుతుంది. రానూ పోనూ 110 లీటర్లు అనుకోండి, లీటరు 100 రూపాయల లెక్కన 11,000. ట్యాంకులో మాత్రం 165 లీటర్లు ఉండాలి, ఎందుకంటే నియమం ఇది: ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు ముట్టుకోకుండా. మొత్తం మీద ఒక్కో వారాంతం 48,500. పొన్నేరి దాకా లోకల్ బండి, అక్కణ్ణించి బస్సు ఎక్కితే ఇదే పులికాట్‌కు ఎంతవుతుందో మీకు తెలుసు.

వాడినది కాబట్టి చవక అంటున్నారు. కొత్త విహార పడవల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం అయింది, అందుకే పాతవి చవకగా కనిపిస్తున్నాయి. కాని పాత ఫైబర్ పడవ లోపల చెక్క ఉంటుంది, ఇంజిన్ బిగించే వెనక గోడలోనూ, అడుగున దూలాల్లోనూ. ఎక్కడో ఒక స్క్రూ రంధ్రంలోంచి నీళ్ళు దిగి, ఆ చెక్క పైకి కనపడకుండా కుళ్ళిపోతుంది. మా రోజుల్లో స్టేషన్‌లో బండి ఆగగానే ఒకాయన సుత్తితో చక్రాలను కొట్టి చప్పుడు వినేవాడు. మంచి చక్రం ఖంగుమంటుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. పడవ సర్వేయరు కూడా అచ్చం అలాగే పడవంతా సుత్తితో తట్టి వింటాడు. పడవను నీళ్ళలోంచి పైకి తీయించి, అమ్మేవాడితో సంబంధం లేని సర్వేయరు చేత తట్టించి, తరవాత నీళ్ళలో రెండు గంటలు నడిపించి చూడకుండా ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకూడదు.

మరి ఎలాంటి పడవ మనకు తగినది? నా అభిప్రాయం చెబుతాను.

22 నుంచి 24 అడుగులు. ముందు భాగంలో చిన్న అరగది, అందులో మరుగుదొడ్డి. మధ్యలో గట్టి పైకప్పు, చుట్టూ గాలి. వెనక పైకి ఎత్తుకోగలిగే ఔట్‌బోర్డ్ ఇంజిన్. అలా ఎత్తితే రెండడుగుల లోపు నీళ్ళలోనూ మెల్లగా పోవచ్చు, వల చుట్టుకుంటే చేత్తో తీయవచ్చు. కాశిమేడు మెకానిక్ చేయి పెట్టగలిగే ఇంజిన్, విడిభాగం కోసం సింగపూర్‌కు రాసుకోవాల్సినది కాదు. అన్నిటికన్నా ముఖ్యం, వెడల్పు రెండున్నర మీటర్లు దాటకూడదు. మన రోడ్డు మీద బండి వెడల్పు పరిమితి 2.6 మీటర్లు. అది దాటితే రైల్వేలో ఓడీసీ అంటాం, కొలతకు మించిన సరుకు, అడుగడుగునా అనుమతి. ఆ లోపు ఉంటే ట్రెయిలర్ మీద పెట్టి లాక్కుపోవచ్చు.

ట్రెయిలర్ ఉంటే సగం చిక్కులు తీరిపోతాయి. కట్టి ఉంచే రేవు వెతకనక్కర్లేదు. 2016 డిసెంబర్ 12న వర్దా లాంటిది వస్తే రెండు రోజుల ముందే పడవను ఇంటి పక్కకు తెచ్చుకోవచ్చు. మొగ బాగాలేని రోజు సముద్రం వదిలేసి లోపలి నీళ్ళలోనే తిరగవచ్చు. రాత్రి పడకకు ఒడ్డున లాడ్జి ఉంది, పరుపు ఊగదు. ఆదివారం మధ్యాహ్నం గాలి లేచిందా, ఎక్కడున్నారో అక్కడే పడవను ఒడ్డుకు చేర్చి, కాపలా పెట్టి, బస్సు ఎక్కండి. ట్రెయిలర్ మర్నాడు వస్తుంది. సోమవారం ఆఫీసూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

ఇది చెన్నైవాళ్ళకు చెప్పిన మాట. మన సభ్యులు వేరే తీరాల్లోనూ ఉన్నారు, వాళ్ళ గేజి వేరు. ముంబైలో ఆశ్రయమిచ్చే పెద్ద రేవు ఉంది, ఎదుట మాండ్వా ఉంది, అక్కడ పెద్ద గది ఉన్న పడవకూ అర్థం ఉంది. కాని ఆటుపోట్ల తేడా 5 మీటర్ల దాకా పోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడవ పైకి తీయాల్సిందే. యానాం వాళ్ళకు గౌతమి గోదావరి ఉంది, సముద్రం మొహం చూడకుండానే వారాంతం గడిచిపోతుంది. అడుగు చదునుగా ఉన్న పడవ చాలు. పక్కనే తాళ్ళరేవులో పడవలు కట్టే చేతులు ఉన్నాయి, బయటినుంచి ఎందుకు తెప్పించుకోవాలి? ఒడిశా వాళ్ళకు చిలికా, అదీ లోతు లేని నీళ్ళే. పూరీ పెంటకోటలో మన తెలుగు జాలర్లు తరాలుగా ఆ అలల మీద బతుకుతున్నారు. ఏ కంపెనీ పుస్తకం కన్నా ముందు వాళ్ళను అడగండి.

జాలర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సముద్రం మనకు వారాంతం, వాళ్ళకు పొలం. రాత్రిపూట వలలు పరిచి ఉంటాయి. మన ఇంజిన్ ఒక వల మీదుగా పోతే వాళ్ళ పెట్టుబడి తెగిపోతుంది. కాబట్టి చీకట్లో నడపకూడదు, పొరపాటున తెగితే అక్కడికక్కడే నష్టం కట్టాలి. దీన్ని నియమంగా రాసుకుందాం. ఆపద వస్తే మొదట చేయందించేది వాళ్ళే అన్నది కూడా గుర్తుండాలి.

చివరగా ఆ 9 లక్షలు. మన డిపాజిట్ వడ్డీతో ఏం నడుస్తోందో కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. ఆదివారం తెలుగు తరగతి టీచరమ్మ గౌరవ వేతనం దాంట్లోంచే పోతుంది. 2006 చట్టం తరవాత ఈ రాష్ట్రంలో మన పిల్లలకు బళ్ళో తెలుగు ఎంత కష్టమైందో తల్లిదండ్రులకు తెలుసు. నాలాంటివాడికి అమ్మ ఉంది కాబట్టి అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు అమ్మలకే రావు. పడవ కూడా ఆదివారమే, తరగతి కూడా ఆదివారమే. పిల్లల్ని కలపడానికి పడవ కొని, పిల్లలకు భాష నేర్పే డబ్బును దాని పెట్రోలుకు పోస్తే ఆ కలయికలో వాళ్ళు ఏ భాషలో మాట్లాడుకుంటారు? పడవ కావాల్సిన 12 కుటుంబాలు తమ డబ్బుతో, తమ పేరుతో, తమ ఇన్సూరెన్సుతో కొనుక్కోవాలి. సంఘం పేరు మీద కొంటే, రేపు ఏదైనా జరిగితే కోర్టుకు పిలిచేది సంఘాన్ని.

కాబట్టి నా కోరిక, తీర్మానం ఒక సీజను వాయిదా వేయండి. జనవరి, ఫిబ్రవరిలో ఒకసారి కొచ్చిలోనో గోవాలోనో లైసెన్సు ఉన్న క్యాబిన్ బోటు అద్దెకు తీసుకుని రెండు కుటుంబాలు వెళ్ళి రండి. అక్కయ్యలను, చిన్నపిల్లలను తప్పకుండా తీసుకెళ్ళండి. తిరిగి వచ్చాక కూడా కోరిక ఉంటే, అడ్వాన్సుకు ముందు ఈ అయిదు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెచ్చి గ్రూపులో పెట్టండి.

1. పడవ తరగతి రేకు మీద ఏముంది, ఎంతమందికి అనుమతి? తరవాత ఏమైనా మార్పులు చేశారా?

2. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఈ పడవ ఎక్కడ ఉంటుంది? ఆ చోటు ఇస్తామని రాసిచ్చింది ఎవరు?

3. నడిపేది ఎవరు? మన మొగల మీద తిరిగిన సరంగా, లేక మూడు రోజుల శిక్షణ పొందిన మన తమ్ముడా?

4. సముద్రంలో నడపడానికి కాగితాలు, ఇన్సూరెన్సు ఉన్నాయా? లోపలి జలాలకు 2021 చట్టం వేరు, సముద్రానికి చట్టం వేరు. ఇన్సూరెన్సు కూడా రాసుకున్న నీళ్ళ హద్దు దాటితే పనికిరాదు. అతిథుల దగ్గర టికెట్ డబ్బు తీసుకుంటే నిబంధనలు మళ్ళీ మారతాయి.

5. "ఈ రోజు వెళ్ళడం లేదు" అని చెప్పే అధికారం ఎవరిది? ఆ ఒక్కరి మాట మీద 12 కుటుంబాలూ మారుమాట లేకుండా ఇంటికి పోతామని సంతకం పెడతారా?

అయిదోదానికి జవాబు దొరికితే మిగతా నాలుగూ వాటంతట అవే దొరుకుతాయి.

ఏ పడవ కొన్నా, కొనకపోయినా, నీళ్ళ మీదికి పోయే ప్రతివాళ్ళూ మూడు సంగతులు రాసుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మన తీరానికి అలల ఎత్తు ముందుగానే చెబుతుంది, బయల్దేరే ముందు రాత్రి, మళ్ళీ పొద్దున చూడాలి. కోస్ట్ గార్డ్ సహాయ నంబరు 1554. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకునేది కాదు, ఒంటిమీద వేసుకునేది, పిల్లలకు పిల్లల కొలతదే.

మీ అభిప్రాయాలు కింద రాయండి. నా లెక్కలో తేడా ఉంటే పెన్నూ కాగితం పట్టుకుని చూపించండి, సంతోషంగా సరిదిద్దుతాను. ఒక్క మనవి, ఇంకో పరుపు ఫోటో మాత్రం పెట్టకండి. ఆ రేకు ఫోటో పెట్టండి.